శుక్రవారం నాడు భృగు సరస్సు

ఏప్రిల్ నెలంతా నేనూ మా రూతక్కా పొద్దున్నే శామీర్‌పేట చెరువు కట్ట మీద నడిచాం. ఎక్కాల్సింది మాత్రం హిమాచల్‌లోని భృగు సరస్సుకు. జూన్ మొదట్లో కూడా అక్కడ మంచు పూర్తిగా కరగదని, సరస్సు సగం గడ్డకట్టే ఉంటుందని మా స్కూల్లో ఒక టీచరమ్మ ఫొటోలు చూపించింది. అవి చూసినప్పటి నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు. పిల్లలకు తెలుగు చెప్పుకుని బతికే నేను నలభై ఆరేళ్లకు మంచు చూడకపోతే కొంపలేమీ మునగవు. కానీ ఆరేళ్ల కిందట ఇదే కట్ట మీద పది అడుగులు వేస్తే ఆయాసంతో కూలబడేదాన్ని. టీబీ నా ఊపిరితిత్తులను అంతగా పాడుచేసింది. ఆ ఊపిరితోనే కొండ ఎక్కాలని పంతం పట్టాను. డాక్టరు గారు కొత్త ఎక్స్‌రే తీయించి, పరీక్షలన్నీ చూసి, నిదానంగా ఎక్కితే వెళ్లొచ్చన్నారు.

అక్క మేడ్చల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నాకు జబ్బు చేసినప్పటి నుంచి ప్రతి శుక్రవారం పొద్దు మునిగేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. మా చర్చి సంఘంలో కష్టమొస్తే ఉపవాస ప్రార్థన మామూలే, కష్టం గట్టెక్కాక మానేస్తారు. ఈమె మానలేదు. ఎవరి కోసం ఉంటోందో ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. బావ నోరు జారితే తెలిసింది. ఇక చాలించమని పోరితే, "నీకేం నొస్తాందే? కడుపు నాది" అంది. ఒక్క శుక్రవారం తప్పినా నా జబ్బు తిరగబెడుతుందని ఆమె భయం. రోగులకు ధైర్యం చెప్పే మనిషికి ఇదేం భయమో నాకు అర్థం కాదు.

అందుకే సరస్సు చేరే రోజు గురువారం పడే జట్టును ఆమే ఏరికోరి ఎంచింది. శుక్రవారం కిందికి దిగడమే కాబట్టి నీళ్లు తాగుతూ దిగొచ్చని ఆమె లెక్క.

మే చివరి శనివారం చీకటితోనే మేడ్చల్ నుంచి ఆటోలో సికింద్రాబాద్ చేరి, ఆరున్నర దాటాక ఢిల్లీ రైలెక్కాం. జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు, ఒక డబ్బా సకినాలు వెంట ఉన్నాయి. కాజీపేటలో ఒక జవాను భార్య ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. ఎక్కడికని అడిగి, మేం చెప్పింది విని నవ్వింది. "మంచు సూడనీకె పైసలు వెట్టి పోతున్నరా? మా ఆయన మూడేండ్లు మంచుల డ్యూటీ జేసిండు. ఇప్పుడు ఇంట్ల ఫ్రిజ్ తెరిస్తెనే సిరాకు వడ్తడు." అక్క నవ్వి సకినాల డబ్బా ఆమె ముందుకు జరిపింది.

ఆదివారం పొద్దున ఢిల్లీలో దిగితే ఎండ మన ఎండకేమీ తీసిపోలేదు. సాయంత్రం బస్సెక్కి సోమవారం పొద్దున్నే మనాలి చేరాం. వెళ్లేవాళ్లు వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి. ఘాట్ రోడ్డు మలుపుల్లో సగం బస్సుకు అక్కే మాత్రలు పంచింది. గదికి వెయ్యి రూపాయలు. ఆ రోజంతా ఒంటికి ఎత్తు అలవాటు కావాలని ఊళ్లోనే తిరిగి, బూట్లూ చలికోట్లూ అద్దెకు తీసుకున్నాం.

మంగళవారం జీపులో గులాబా దాకా వెళ్లి నడక మొదలుపెట్టాం. జట్టులో ఎనిమిది మందిమి. మా గైడు తేజ్‌రామ్, యాభై దాటిన కొండ మనిషి. దేవదారు చెట్లు దాటగానే పచ్చిక కొండలు తెరుచుకున్నాయి. పసుపు పూలు ఎంత ఒత్తుగా ఉన్నాయంటే అడుగు వేయడానికి మనసొప్పలేదు. ఎదురుగా ఆకాశం సగందాకా మంచు కొండలు. అక్క చెబుతున్న ముచ్చట సగంలో వదిలేసి, సంచి కింద పెట్టి అటే చూసింది. మేడ్చల్‌లో అందరి నోళ్లూ మూయించే మనిషిని అలా చూడడం నాకు అదే మొదలు. బుధవారం సాయంత్రానికి రోలా ఖోలీలో వాగు పక్కన డేరాలు వేశారు.

ఆ రాత్రి మొదలైన వాన గురువారమంతా కురిసింది. డేరాలోంచి తల బయట పెట్టలేకపోయాం. చీకటి పడుతుండగా తేజ్‌రామ్ వచ్చి, రేపు వాన తెరిపి ఇస్తుంది, పోదామన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క ఒక్కతే నా వైపు తిరిగి, "రేపు శుక్రవారం" అంది.

పొద్దున ఐదింటికి వేడి వేడి ఆలూ పరాఠాలు వచ్చాయి. అక్క వేడినీళ్ల గ్లాసు పట్టుకుని పక్కకు కూర్చుంది. తేజ్‌రామ్ చూడనే చూశాడు. "దీదీ, ఉపవాసాలు మా ఊళ్లోనూ ఉన్నాయి. కొండ మీద మాత్రం ఉండం. ఖాళీ కడుపుతో ఎవరినీ పైకి తీసుకుపోను" అని హిందీలో చెప్పాడు. అక్క మా మేడ్చల్ హిందీలో వాదించింది. "మేరేకు ఆదత్ హై భయ్యా, కుచ్ నై హోతా." అలవాటే, ఏమీ కాదంటే అతను వింటాడా?

"నువ్వు పో. నేను గీడ్నే ఉంట" అంది నాతో.

నాకు ఒళ్లు మండింది. "నువ్వు రాకుంటె నేనెందుకు పోవాలె? సామాను సర్దు, ఇంటికి పోదాం."

"నువ్వు ఎక్కకుంటె ఇన్నేండ్లు నేను పస్తులున్నది దేనికే?"

తేజ్‌రామ్ మధ్యేమార్గం చెప్పాడు. మంచు మొదలయ్యేదాకా మెల్లగా రావచ్చు, అక్కడ తింటే పైకి, లేదంటే వంటమనిషి తోడుగా వెనక్కి. పరాఠాలు కట్టి ఆమె సంచిలో తనే పెట్టాడు.

తొమ్మిదికల్లా మంచు అంచుకు చేరాం. తేజ్‌రామ్ సంచి వైపు చూశాడు. అక్క తల అడ్డంగా ఊపి, వంటమనిషి పక్కన ఒక బండ మీద కూర్చుంది. ఆమె వైపు చూడకుండా నేను ఎక్కడం మొదలుపెట్టాను. బూటు కొనతో మంచును తన్ని, గుంట చేసుకుని, అందులో కాలు మోపాలి. ఛాతీలో ఆ పాత పిల్లికూత ఎప్పుడు మొదలవుతుందా అని కాచుకున్నాను. ఊపిరి బరువుగా వచ్చింది గానీ కూత రాలేదు. "ఆగుదామా?" అని తేజ్‌రామ్ అడిగితే వద్దన్నాను.

గట్టు మీదికి చేరాక వెనక్కి తిరిగాను. కింద ఎర్ర స్వెట్టర్‌లో అక్క నిలబడి నన్నే చూస్తోంది. తర్వాత కూర్చుంది. సంచి విప్పింది. చెయ్యి నోటి దగ్గరికి వెళ్లడం కనిపించింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. పట్టపగలు, శుక్రవారం, మా అక్క తింటోంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె పైకి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చీ రాగానే, "ఏందే గట్ల సూస్తవ్? నడుమల ఒక్కపారన్న కూసుంటవేమోనని సూసిన. కూసోలే. ఇగ నేనెవరి కోసం పస్తులుండాలె?" అంది.

గట్టు అవతలే సరస్సు. చుట్టూ మంచు వాలులు, నడుమ గడ్డకట్టిన తెల్లటి నీళ్లు, ఒక అంచున మాత్రం కరిగిన నీలం. అంత శుభ్రమైన నీలాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఋషి తపస్సు చేసిన చోటని తేజ్‌రామ్ బూట్లు విప్పి మొక్కాడు. అక్క కూడా బూట్లు విప్పి, మేజోళ్లతోనే మంచులో నిలబడి, తెలుగులో తన ప్రార్థన తాను చేసుకుంది. మేఘాలు కమ్ముతున్నాయని తేజ్‌రామ్ తొందరపెట్టేదాకా అక్కడి నుంచి కదలలేదు.

శనివారం మనాలికి దిగి, ఆ సాయంత్రమే బస్సెక్కాం. ఆదివారం ఢిల్లీలో రైలు. సోమవారం మధ్యాహ్నానికి కిటికీలోంచి మన వడగాలి తగిలింది. వెళ్లాలనుకునేవాళ్లు జూన్ మొదటి వారం దాటనివ్వకండి. వానకు ఒక రోజు ఎక్కువ చేతిలో ఉంచుకోండి. నేను చూసిన చోట్లలో అంతకంటే అందమైనది లేదు. ఆ మాటే అక్కతో అంటే ఆమె వేరే ఆలోచనలో ఉంది. వచ్చే ఆదివారం చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతుందట.

"సంఘం ముందర ఉపవాసం తప్పిన అని చెప్తవా?" అన్నాను.

"ఉపవాసమున్నది ఎవ్వరికీ చెప్పొద్దు. గది నాకూ దేవునికీ నడుమ ముచ్చట" అంది అక్క. "తిన్నది మాత్రం అందరికీ చెప్పాలె."