కూసుంటే వచ్చే పైసలు

మంగళవారం. పొద్దున తొమ్మిదింటికల్లా నాలుగు పనులయ్యాయి: నల్లా నీళ్లు పట్టడం, రెండు బకెట్ల బట్టలు, పిల్లల టిఫిన్ డబ్బాలు, బియ్యం ఏరడం. ఐదోది పప్పు పోపు. అది పొయ్యి మీద ఉండగానే కింది నుంచి ఇంటి ఓనరు గొంతు వినిపించింది. "చెల్లె, అమ్మ పోయింది." పొయ్యి ఆపి దిగాను. ఆ రోజు పనుల లెక్క అక్కడే ఆగిపోయింది.

షాద్‌నగర్ అంచున వాళ్ల ఇంట్లో పై వాటాలో మేము కిరాయికుంటాం. అతని అమ్మను నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. పుట్టినింట్లోనూ అత్తగారింట్లోనూ మేకల మందతోనే పెరిగిన మనిషి. ఊరి పక్క భూమి ప్లాట్లకు అమ్మాక కొడుకు ఈ మూడంతస్తుల ఇల్లు కట్టించి, మందను కూడా అమ్మేశాడు. అమ్మ ఇకనైనా సుఖపడాలని అతని ఆశ. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

మేము దిగిన కొత్తలో ఆమె రోజంతా గేటు దగ్గర కుర్చీలోనే ఉండేది. పళ్లెంలో అన్నం సగం మిగిలేది. నిద్రగోలీ వేసుకుంటే తప్ప కన్ను మూతపడేది కాదు. పొద్దుగూకేటప్పుడు మాత్రం లేచి, మంద ఇంటికొచ్చే వేళ కదా, రోడ్డు చివరిదాకా చూసి మళ్లీ కూర్చునేది.

నేను రోజూ ఖర్చులు రాసుకుంటానని ఆమెకు తెలుసు. ఒకనాడు పిలిచింది.

"బిడ్డా, నాకు నెలకు ఎంతొస్తాందో జర లెక్కగట్టు."

కిరాయిలు, బ్యాంకు వడ్డీ కలిపి చెప్పాను. మా ఆయన జీతానికి రెండింతలు దాటింది. అంత వస్తే నేనైతే దుప్పటి కప్పుకోగానే నిద్రపోదును అనుకున్నాను.

"గిందుల నా పనికెంత?"

"నీకు పనేముంది పెద్దమ్మా? కూసుంటే వస్తాంది."

"గదే బిడ్డా. కూసుంటే వస్తాంది. నేనే కూసోలేకపోతున్న."

ఆ వారమే కల్వకుర్తి దిక్కు అంగడికి పోయి మూడు ఆడమేకలు తెచ్చింది. కింద కారు పక్కనే కట్టేసింది. కొడుకు తల పట్టుకున్నాడు.

"నలుగురు ఏమంటరే అమ్మా? కొడుకు తిండి పెడ్తలేడంటరు."

"అననియ్యి. పెడ్తున్నవని నేన్జెప్త."

చివరికి ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు. ఏడాది చూడాలి, నష్టమొస్తే మేకలను అమ్మేయాలి. లెక్క నేను రాయాలి. "చెల్లె అటూ ఇటూ రాయది" అన్నాడు కొడుకు. నా కూలి పెద్దమ్మే తేల్చింది: "ఒక మేకపిల్ల నీది." పై వాటాలో మేకను ఎక్కడ కట్టుకోను అని నవ్వాను. తర్వాత మేక ఈనినప్పుడల్లా ఆమె గుర్తు చేసేది, నేను ఈసారికి వద్దులే అనేదాన్ని.

రోజూ ఒకప్పటి తన భూమిలోనే మేపేది. ఇంకా ఇళ్లు లేవని, హద్దురాళ్ల మధ్య గడ్డి ఏపుగా ఉండేది. ఎవరైనా అడిగితే ఏం చెప్తావంటే, "ఇల్లు కట్టెదాక గడ్డి నాదే అంట" అనేది. ఒక రాయి మీద కూర్చుని, మేకలను పేరుపేరునా తిట్టేది. ఇంటికొచ్చేసరికి ఆకలితో ఉండేది. మా వంటింటి వాసన పట్టి, "ఏం కూర బిడ్డా?" అని మెట్ల కింది నుంచే అడిగేది.

పైసలంటే ఆమెకు లెక్కలేదని మాత్రం అనుకోకండి. ఒకసారి నేను ఆ ధోరణిలో ఏదో అంటే ఊరుకోలేదు. "గట్ల అనకు. పైసల్లేకనే నా పెద్దబిడ్డను పట్నం దవాఖానకు తోల్కపోలేకపోయిన. గిప్పుడైతే తోల్కపోకపోదునా?" మా ఆయన జీతం పెరిగినప్పుడు అందరికంటే ముందు సంతోషపడింది ఆమే. సంతోషపడ్డాక, "గిప్పుడన్న పొద్దుగాల కూసోని తింటడా?" అని అడిగింది. ఆయన అప్పటికీ నిలబడే తినిపోయేవాడు.

ఏడాది నిండింది. దాణా, మందులు, చచ్చిపోయిన ఒక మేక, అన్నీ పోగా నష్టమే తేలింది. మళ్లీ కూడి చూశాను, మారలేదు. మెట్ల మీద కూర్చుని ఆమెకు చెప్పాను.

"ఉన్నదే చెప్పు వానికి" అంది. కాగితం దిక్కు చూసి, "నా నిద్ర యాడ రాసినవ్?" అంది.

రాయలేదు. అప్పుడు కింద ఇంకో వరుస రాశాను: మానేసిన నిద్రగోలీలు, తప్పిన దవాఖాన ఖర్చు. అయినా నష్టం పూర్తిగా తీరలేదు. ఉన్నదున్నట్టే కొడుక్కిచ్చాను. అతను చివరి వరుస రెండుసార్లు చదివాడు.

"గోలీలు ఎప్పటిసంది బంజేసింది?"

"మేకలొచ్చిన రెండో నెల నుంచి."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మేతకు పైసలు నేనిస్త తియ్" అన్నాడు. కింద మేకల దగ్గర పెద్దమ్మ తలెత్తలేదు కానీ, ఆ మాట విన్నదని నాకు తెలుసు.

దినాలయ్యాక మేకలను ఆమె తమ్ముడింటికి పంపారు. ట్రాలీ కదిలే ముందు కొడుకు ఒక పిల్లను దింపి మా మెట్లకు కట్టాడు.

"అమ్మ చెప్పి పోయింది చెల్లె. నీ కూలి బాకీ ఉందట."

ఈసారి వద్దనలేదు.

పొద్దుగూకుతుంటే అది గేటు వైపు తిరిగి అరిచింది. బియ్యం చాట పక్కన పెట్టి దిగాను. తాడు విప్పి ప్లాట్ల దిక్కు నడిచాను. అది మేసినంతసేపూ ఆమె రాయి మీద కూర్చున్నాను. రాయి ఇంకా వెచ్చగానే ఉంది.

ఇంటికొచ్చి రాసుకున్నాను: లెక్కలు రాసిన కూలి, ఒక మేకపిల్ల. ముట్టింది.