మార్త దింపించిన మోపు

కొండపల్లి అడవిలో వాచరుగా చేరిన తొమ్మిదేళ్ళలో మార్తను ఇష్టపడినవాళ్ళు తక్కువ. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆమె కూడా ఆ కొండమీదే కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకుని దిగిన మనిషే. ఏ పొద వెనక ఎవరు నక్కుతారో ఆమెకు తెలుసు. అందుకే ఆమెను పనిలో పెట్టుకున్నారు. అందుకే కొండ కింది పేటలో ఆడవాళ్ళకు ఆమె పేరు చెబితే ఒళ్ళుమంట.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి ఆఫీసువాళ్ళు ఏడుగురు గేటు దగ్గర కార్లు దిగారు. వాగు దాకా నడిచి పదకొండింటికల్లా తిరిగొచ్చేయొచ్చు. పిల్లలు కూడా నడవగల దారి. మార్తను తోడు వెళ్ళమన్నారు. చర్చికి వెళ్ళనివ్వలేదన్న చిరాకుతోనే బయల్దేరింది.

“అగ్గిపెట్టెలు, సిగరెట్లు ఉంటే ఇటిచ్చేయండి,” అంది.

“మేం చదువుకున్నవాళ్ళమేనమ్మా,” అన్నాడు వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన కిరీటి. ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

దారి పొడుగునా ఫోన్లో పాటలు మోగించారు. ఆపమంటే ఇంకాస్త పెంచారు. వాగులో చుక్క నీరు లేదు. ఒడ్డున నీడ చూసుకుని కూర్చున్నాక కిరీటి సంచిలోంచి చిన్న గ్యాసు పొయ్యి తీసి కాఫీకి వెలిగించాడు. చుట్టూ మడమల లోతు ఎండాకులు. మార్త తన సీసాలో నీళ్ళన్నీ పొయ్యిమీద గుమ్మరించింది. గిన్నె బోర్లాపడి కాఫీ అతని బూట్లమీద పడింది.

“బుద్ధుందా నీకు? నీ పైన ఎవరు?”

“పైన దేవుడున్నాడు. కింద గేటు దగ్గర రేంజరుగారున్నారు. ఎవరికైనా చెప్పుకోండి.”

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక, మలుపులో పక్కదారిలోంచి మోపు మోసుకుంటూ ఒక మనిషి ఎదురైంది. రావమ్మ. మార్తకు సొంత తోడికోడలు.

ఎండుకట్టెలైతే మార్త చూడనట్టు తల తిప్పుకునేదే. కానీ మోపు నడుమ, బొమ్మలు చెక్కే పొణికి చెట్టు పచ్చి కొమ్మలు కనిపిస్తున్నాయి. కిరీటి అప్పటికే ఫోను పైకెత్తాడు.

“మా పొయ్యి ఆర్పేశారుగా. ఈవిణ్ణేం చేస్తారో చూద్దాం.”

“మోపు దించక్కా,” అంది మార్త. “కత్తి ఇటియ్యి.”

“నీ కాల్లో ముల్లు విరిగితే వీపున ఎక్కించుకుని ఈ కొండ దింపింది ఎవరే?”

“నువ్వే. మర్చిపోలేదు. కత్తియ్యి.”

రావమ్మ మోపును మార్త పాదాల మీదికి విసిరేసింది. కత్తి నేలకేసి కొట్టింది. “మీ దొరలకి వండిపెట్టుకో పో! ఇకనించి నా గడప తొక్కావంటే చూడు!” అని ఉమ్మేసి వట్టి చేతులతో దిగిపోయింది.

“పాపం, వదిలేయొచ్చుగా,” అంది వాళ్ళలో సింధూరి అనే అమ్మాయి.

“వదిలేస్తే ఆ వీడియో ఎవరికి చూపిద్దురండీ?” అంది మార్త. ఆమె కాలి బొటనవేలి గోరు చిట్లి నెత్తురు కారుతోంది. ఎవరూ చూడలేదు.

గేటు దగ్గర కిరీటి ఫిర్యాదు రాసిచ్చాడు. రేంజరు క్షమాపణ చెప్పమన్నాడు. మార్త చెప్పనంది. మర్నాటి నుంచి ఆమెను మొక్కలకు నీళ్ళు పెట్టే పనిలో వేశారు. కొండెక్కే పని పోయింది.

వారం తరవాత ఆమె తన పెరట్లో ఎండిన తుమ్మకొమ్మలు కొట్టి, కట్టగట్టి, రావమ్మ గడప ముందు పెట్టింది. తలుపు తెరుచుకుంది. రావమ్మ కట్టను కాలితో వీధిలోకి తన్నింది. తాడు తెగి కట్టెలు మురుక్కాలవ దాకా చెదిరిపోయాయి.

వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. మార్త వంగి ఒక్కొక్క పుల్లా ఏరుకుంది. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. వాటిని ఇంటికి తెచ్చి, పొయ్యి రాజేసి, ఆ పూటకు అన్నం వండుకుంది.