పాత వాల్వు తీయకుండానే

వీధిలో అందరూ నన్ను వాల్వు బాబాయ్ అంటారు. ముప్పై ఏళ్లుగా కుళాయిలూ పైపులూ బాగుచేస్తున్నాను. ఆ పేరు చూసుకుని నాకెంత పొగరో! ఆ పొగరే మా అక్క ప్రాణం మీదకి తెచ్చింది. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

అక్కకి డెబ్బై ఆరు. బట్టలు కుడుతుంది. అమ్మ పోయాక ఆ మిషను తొక్కే నన్ను పెంచింది. ఈమధ్య నాలుగు మెట్లెక్కితే చాలు, ఆయాసం. గుండెలో ఒక వాల్వు గట్టిపడిపోయింది, మార్చాలంది డాక్టరు.

"ఈ వయసులో ఛాతీ కోయడమెందుకు? తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి కొత్తది పెట్టేస్తాం."

"మరి పాతదో?" అన్నాను.

"అక్కడే ఉంటుందండీ. దాన్ని పక్కకి నొక్కేసి కొత్తది విచ్చుకుంటుంది."

బయటికొచ్చాక పకపకా నవ్వాను. "పాతది తీయకుండా కొత్తది బిగిస్తే మర్నాటికల్లా కారుతుందే అక్కా! విప్పకుండా వాల్వు మార్చడమేంటి, వీళ్ల మొహం! కోసినా సరే, విప్పి చేసేవాళ్లని నేను చూస్తాగా."

"నీకు తెలిసినంత నాకేం తెలుసురా" అంది అక్క.

చూశానా? నా మొహం చూశాను. రేపు, ఎల్లుండి అంటూ రెండు నెలలు గడిపేశాను.

ఓ పొద్దున అక్క మిషను మీదే వాలిపోయింది. సూది కింద సగం కుట్టిన గుడ్డ అలాగే ఉంది. మళ్లీ అదే ఆసుపత్రి, అదే డాక్టరు, అదే గొట్టం. బయట బెంచీ మీద కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. గంటన్నరలో అయిపోయిందన్నారు.

మూడో రోజుకి అక్క లేచి కూర్చుని, "ఆకలేస్తోందిరా" అంది. ఛాతీ మీద గాటన్నది లేదు. తొడ దగ్గర చిన్న కట్టు, అంతే.

అప్పుడే డాక్టరు వచ్చింది. "ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవారు కాదమ్మా. రెండు నెలలు ఎందుకు ఆగారు?"

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "నాకే భయమేసిందమ్మా. పద, పద అని వీడు రోజూ పోరుతూనే ఉన్నాడు."

"మంచి తమ్ముడున్నాడమ్మా మీకు" అంది డాక్టరు, నావైపు చూసి.

నేనే ఆపానండీ అనాలి. రెండే రెండు ముక్కలు. అనలేదు. తలూపాను.