దీవి మీద జేబు చుక్క

దయ్యాలున్నాయనే వాళ్ళతో నేను వాదించేవాణ్ణి. మా వీధిలో ఎవరైనా తాళం వేసిన ఇంట్లో గజ్జెల చప్పుడు విన్నామంటే, ఎలుకలై ఉంటాయి, బోను పెట్టండి అనేవాణ్ణి. చదివేవాడికి ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుందని నా ధైర్యం. దొరక్కపోతే ఇంకో పుస్తకం తియ్యాలి, అంతే. ఇప్పుడు రాయబోయే సంగతికి మాత్రం ఏ పుస్తకం తియ్యాలో నాకు తెలియడం లేదు.

నేను బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ యూనిట్‌లో కటింగ్ మాస్టర్ని. పుట్టింది అదే నగరంలోని పాత బజారైన బళేపేటలో. మా నాన్న అక్కడ గాజుల కొట్లో పనిచేసేవాడు. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా లైబ్రరీలో చదువుకున్నదే. తెలుగు, కన్నడ ధారాళంగా చదువుతాను. ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకొని చదువుతాను. ఆదివారం చర్చి అయ్యాక అందరూ బిర్యానీకి వెళితే నేను లైబ్రరీకి వెళతాను. మా ఆవిడ రూతుకు ఇది అలవాటైపోయింది.

నిరుడు మా యూనిట్‌కు ఒక సాంపిల్ చొక్కా వచ్చింది. అచ్చు అలాగే కుట్టివ్వాలని ఆర్డరు. కాలరు లోపల పట్టీ మీద చూస్తే మారిషస్‌లో తయారైందని ఉంది. మారిషస్ అంటే సముద్రంలో ఎక్కడో ఉండే చెరకు దీవి అనుకునేవాణ్ణి. వాళ్ళు మనకు పోటీగా చొక్కాలు కుట్టడమేమిటి? ఆ ఆదివారమే వెళ్ళి అట్లాసు, దాంతోపాటు దొరికిన రెండు లావుపాటి పుస్తకాలు ముందేసుకొని కూర్చున్నాను.

అక్కడి నుంచి ఆ దీవి నన్ను వదల్లేదు. అది సముద్రం అడుగు నుంచి నిప్పులు కక్కుతూ పైకి లేచిన నేల. అగ్నిపర్వతం ఏనాడో చల్లారింది. దాని నోరు ఇప్పుడు ఒక ఊరి మధ్య పచ్చటి గిన్నెలా ఉంది. చుట్టూ పగడపు దిబ్బలు గోడ కట్టినట్టు అలల్ని ఆపుతాయి. మొదట డచ్చివాళ్ళు దిగారు, చెరకు తెచ్చారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసల్ని తెచ్చి తోటలు పెంచారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు. బానిసత్వం రద్దయ్యాక తోటల్లో పనికి మనవాళ్ళను ఒప్పందం మీద ఓడలెక్కించారు. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరుతో వాళ్ళను అక్కడ కోరంగివాళ్ళనేవారట. ఆ లైను చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కనున్నాయన పేపరు దించి చూశాడు.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నవి రాళ్ళు. అగ్నిపర్వతం నేల కాబట్టి ఎక్కడ గునపం దించినా నల్లరాయే. చెరకు నాటాలంటే ముందు రాళ్ళు ఏరాలి. ఏరిన రాళ్ళను పొలం మధ్యలోనే గుట్టలుగా పేర్చారు. పచ్చటి చెరకులో నల్లటి గోపురాల్లా ఆ గుట్టలు నిలబడి ఉన్న ఫోటో చూసి ఎంతసేపు కూర్చున్నానో. ఆ పని చేసినవాళ్ళ చేతులు ఎలా ఉండేవో అనిపించింది. తర్వాతి కాలంలో యంత్రాలొచ్చి చాలా గుట్టల్ని చదును చేశాయి. ఒక్క పంచదారనే నమ్ముకుంటే కష్టమని దీవివాళ్ళు కుట్టు ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. తర్వాత హోటళ్ళు, బ్యాంకులు. మా టేబుల్ మీదికొచ్చిన చొక్కా వెనక ఇంత కథ ఉంది.

ఇదంతా భోజనాల దగ్గర చెప్పి చెప్పి అందర్నీ విసిగించాను. చెబితే చాలదు, చూపించాలి అనిపించింది. అట్లాసులోని దీవిని ఫోటోకాపీ తీసి, గళ్ళు గీసి, సైజు పెంచాను. చిన్న సైజును పెద్ద సైజు చెయ్యడం మా రోజువారీ పనే. చొక్కా ముక్కల ఆకారం గీసుకోవడానికి వాడి పక్కన పడేసిన పాత ప్యాటర్న్ అట్ట ఒకటి తీసుకొని దాన్ని దీవి ఆకారంలో కత్తిరించాను. ఆ అట్టను కత్తిరింపు గీతలు గీసే మార్కర్ కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పాను. ఊళ్ళు, నదులు తర్వాత రాయొచ్చని దాన్ని అలాగే యూనిట్ గోడకు తగిలించాను.

గుడ్డలు పరిచే గంగప్ప వచ్చి చూశాడు. అతని పూర్వీకులూ మావాళ్ళలాగే ఎప్పుడో తెలుగు సీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు. కాగితం కింది భాగంలో ఒక మూల మీద వేలు పెట్టి, "ఏమప్పా మాస్టరూ, దీవికి గూడా జేబు కుడతావా? చుక్క ఉండాదే ఈడ" అన్నాడు.

నిజంగానే అక్కడొక పెన్సిలు చుక్క ఉంది. చొక్కా ముందు భాగానికి జేబు ఎక్కడ కుట్టాలో తెలియడానికి ప్యాటర్న్ అట్టకు చిల్లు పెడతాం. గీసేటప్పుడు ఆ చిల్లులోంచి పెన్సిలు పొడిచి చుక్క పెడతాం. పాత అట్ట కదా, చిల్లు అందులోనే ఉండి ఉంటుంది, అలవాటుగా చెయ్యి పొడిచేసి ఉంటుంది అనుకున్నాను. ఆ దీవివాళ్ళ జేబు మనకన్నా బరువుగానే ఉందిలే అన్నాను. అందరూ నవ్వారు. అంతటితో అది మరిచిపోయాను.

రూతు హోసూరు రోడ్డులో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. కొన్ని వారాల తర్వాత ఆమె ఇంటికొచ్చి, మీ దీవి నుంచి పేషెంటు వచ్చాడు అంది. పేరు వెంకయ్యగారు, పెద్దాయన, గుండె ఆపరేషనుకు వచ్చాడు, కూతురు లలిత తోడుగా ఉంది. చొక్కా మార్చుకోకుండానే ఆస్పత్రికి బయలుదేరబోయాను. రూతు ఆపింది. ఆయన ఆపరేషను వద్దంటున్నాడని, ఆలస్యమయ్యేకొద్దీ ప్రమాదమని డాక్టర్లు మొత్తుకుంటున్నా వినడం లేదని చెప్పింది.

కారణం ఒక రాయి. ఆయన ముత్తాతలు పొలం రాళ్ళు ఏరినప్పుడు ఒక్క రాయిని మాత్రం గుట్టలో వెయ్యకుండా పక్కన నిలబెట్టి, పసుపు పూసి, అమ్మవారని మొక్కారట. దీపం పెట్టడానికి దానిలో ఉలితో ఒక గుంట తొలిచారు. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ ఇంట్లో ఎవరికి ఏ గండం వచ్చినా ముందు అక్కడ దీపం పెట్టేది. ఆయన చిన్నప్పుడే అమ్మ పోయింది. తర్వాత గుట్టలు పోయాయి, దారులు మారాయి. ఇప్పుడు ఆ రాయి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆయన కొడుకు దీవిలోనే ఉండి, దక్షిణ తీరంలో వాళ్ళ పాత ఊరి చుట్టూ పొలాలన్నీ వెతికాడు. దొరకలేదు. అక్కడ దీపం వెలిగితే తప్ప కత్తి పెట్టించుకోనని పెద్దాయన పట్టు.

మన ప్రార్థన వేరు కదా, నువ్వేమన్నావని అడిగాను. "ఆయన నమ్మకం ఆయనది. భయంతో ఉన్న మనిషిని టేబుల్ ఎక్కించడం నాకిష్టం లేదు. నువ్వొచ్చి కాసేపు మాట్లాడు, మనసు తేలికపడుతుంది" అంది రూతు.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి, గోడ మీది కాగితం చుట్టుకొని వెళ్ళాను. వెంకయ్యగారికి పాటల్లో, పూజల్లో నేర్చిన తెలుగే వచ్చు. మిగతాది లలిత ఇంగ్లీషులో చెప్పేది. నేను ఆయన దీవి గురించి ఆయనకే పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆ ఉత్సాహంలోనే కాగితం విప్పి మంచం మీద పరిచాను.

ఆయన కాసేపు చూసి కిసుక్కున నవ్వాడు. వచ్చినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలని లలిత తర్వాత చెప్పింది. "మా దీవి బోర్లా పడింది" అన్నాడు.

నాకు చెవులు వేడెక్కాయి. మా పనిలో కొత్తవాళ్ళు చేసే తప్పు అది. అట్టకు ఏది పైవైపో తెలియడానికి దాని మీద ఫేస్ అని రాసుకుంటాం. రాయకపోతే అట్ట తిరగబడి, కుడి చెయ్యి ఎడమ చెయ్యి అవుతుంది. నేను దీవి అట్ట మీద ఫేస్ రాయలేదు. తూర్పు పడమరైంది, పడమర తూర్పైంది. ఇన్ని పుస్తకాలు చదివి, ఊళ్ళు కూడా రాయకుండా ఇన్ని వారాలు దాన్ని తలకిందుల గర్వంతో చూసుకున్నాను.

ఆయన అంతలో చుక్క మీద వేలు పెట్టి ఇదేమిటన్నాడు. నైరుతి మూల అది, అక్కడ కొండలు, అడవి, చెరకు లేదు అన్నాడు. పాత చొక్కా జేబు గుర్తు, ఏమీ కాదు అన్నాను. సరిచేసి చూపిద్దామని కాగితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాను. రెండో కొస అక్కడే డ్యూటీలో ఉన్న రూతు పట్టుకుంది. ఎండలో గీతలన్నీ ఇవతలికి కనిపించాయి. దీవి సరిగా నిలబడింది. చుక్క ఆగ్నేయానికి మారింది.

డచ్చివాళ్ళు మొదట దిగింది ఆ వైపేనండీ అని నేనింకా ఏదో చెబుతున్నాను. ఆయన వినడం లేదు. మంచం దిగాడు. లలిత పట్టుకోబోతే చెయ్యి విడిపించుకొని కిటికీ దగ్గరికి వచ్చి, చుక్క మీద వేలు ఉంచాడు. "పొద్దు సముద్రంలోంచి లేచేది. అమ్మ దీపం పెడితే, ఎదురుగా పొద్దు" అన్నాడు తెలుగులోనే.

లలిత మెల్లగా కూడదీసి చెప్పింది. వెతికిందంతా దక్షిణ తీరంలో. అక్కడ సూర్యుడు సముద్రంలోంచి అలా ఎదురుగా లేవడు. ఆగ్నేయాన ఉన్నది వెంకయ్యగారి అమ్మమ్మ ఊరు. అమ్మ పోయాక ఆయన్ను తండ్రి వైపు ఊరికి తెచ్చారు. అమ్మమ్మ ఊరి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆమె కాగితానికి ఫోటో తీసి తమ్ముడికి పంపింది. ఆ సైజు మ్యాపులో పెన్సిలు చుక్క ఒక పొలాన్నంతా కప్పేస్తుంది, అది ఒప్పుకుంటాను. అతను ఫోనులోని మ్యాపుతో పోల్చుకొని, చుక్క పడిన పొలానికి మర్నాడు వెళ్ళాడు. మేమంతా మంచం చుట్టూ నిలబడి వీడియోలో చూశాం. మనిషిని మించిన చెరకు, గాలికి ఒకటే ఊగుతోంది. పొలం మధ్యలో నాగలి వెళ్ళకుండా వదిలేసిన చిన్న జాగా, అందులో తీగలు. తీగలు పీకితే నల్లరాయి. దాని నడుమ గుప్పెడంత గుంట, అంచుల్లో మసి.

గాలికి దీపం నిలవలేదు. చివరికి అతను చొక్కా విప్పి అడ్డం పట్టాడు. అప్పుడు నిలిచింది. వెంకయ్యగారు ఫోను తెర మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు. తర్వాత రూతు వైపు తిరిగి, "ఎప్పుడంటే అప్పుడు, తల్లీ" అన్నాడు.

ఆపరేషను బాగా జరిగింది. వెళ్ళేటప్పుడు ఆ కాగితం అడిగి తీసుకెళ్ళాడు.

నేను కారణం వెతుక్కుంటూనే ఉన్నాను. చుక్క ఆయనలో ఏదో పాత జ్ఞాపకాన్ని కదిలించి ఉంటుంది, మిగతాది అదృష్టం. పాత చొక్కా జేబు చిల్లు, అనుకోకుండా అక్కడ పడింది. ఇలా చాలాసార్లు చెప్పుకున్నాను. అది మళ్ళీ ఒకసారి చూసుకుందామని యూనిట్‌కు వెళ్ళి, కొక్కానికి వేలాడుతున్న దీవి అట్టను దించాను.

దాని మీద నా చేతిరాతతోనే పాత ప్యాటర్న్ పేరు ఇంకా ఉంది: వెనక భాగం. చొక్కా వెనక భాగానికి జేబు ఉండదు. జేబు లేని అట్టకు చిల్లు పెట్టం. వెలుతురుకు పెట్టి చూశాను. వేలితో అంగుళం అంగుళం తడిమాను. వేలాడదీసే తాడు కోసం అంచున పెట్టిన రంధ్రం తప్ప ఇంకెక్కడా చిల్లు లేదు. గంగప్పనూ చూడమన్నాను. అతను అట్టను అటూ ఇటూ తిప్పి, "ఇందులో యాడుండాదప్పా?" అని, మళ్ళీ నా చేతిలోనే పెట్టేశాడు.

ఆ చుక్క నేనే పెట్టానేమో. పెట్టినట్టు గుర్తు లేదు. పెడితే అక్కడే ఎందుకు పెట్టానో తెలియదు. మళ్ళీ లైబ్రరీకి వెళుతున్నాను, ఆ దీవి పుస్తకాలే తీస్తున్నాను. రాళ్ళ గుట్టల ఫోటో వచ్చినప్పుడు మాత్రం పేజీ తిప్పలేకపోతున్నాను.

అట్టను పారెయ్యలేదు. తిరిగి కొక్కానికే తగిలించాను. కొత్త అట్ట ఏది కత్తిరించినా ఇప్పుడు ముందుగా ఫేస్ అని రాసి, ఆ తర్వాతే కత్తెర పెడుతున్నాను. ఆ ఒక్క అట్ట మీద మాత్రం రాయలేదు.