కీరదోస వెన్నెముక

ఆంటీ పోయారు. పోయిన మంగళవారం పొద్దున వాళ్లబ్బాయి మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్ నుంచి ఫోన్ చేసి, "అక్కా, అమ్మీ ఫజర్ నమాజు చేసుకుని కాసేపు పడుకుంటానంది. మళ్లీ లేవలేదు" అన్నాడు. నేను కాన్‌బెర్రాలో, గంగాలిన్‌లోని మా వంటింట్లో ఉన్నాను. స్టవ్ ఆపేసి, డ్యూటీకి బయల్దేరబోతున్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మా, ఐ'మ్ డ్రైవింగ్ డౌన్. నువ్వు రెడీగా ఉండు" అంది. కాన్‌బెర్రా నుంచి మెల్‌బోర్న్ దాకా దారంతా ఆంటీ మాటలే చెప్పుకున్నాం. కన్నీళ్లు వచ్చాయి కానీ, వాటికంటే ఎక్కువగా గర్వమే కలిగింది, ఇలాంటి మనిషి గోడ పక్కన బతికాం కదా అని. ఆమె గురించి ఎవరికైనా చెప్పాలంటే నేను మొదలుపెట్టేది ఒక్క పళ్లెంతోనే. కూరగాయల పళ్లెం.

అందరూ వై టూ కే, వై టూ కే అని కలవరిస్తున్న ఏడాది మేం మెల్‌బోర్న్ వచ్చాం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నాయి, కొత్త శతాబ్దం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకమంతా భయపడుతోంది. ఆ భయమే మావారికి ఉద్యోగం ఇచ్చింది. సిటీలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు. ఆదివారాలు కూడా వెళ్లేవారు. క్లేటన్‌లో అద్దెకు తీసుకున్న ఇంట్లో నేను, ఆరేళ్ల మా అమ్మాయి మిగిలేవాళ్లం. నాది ఏలూరు. ఆ ఊరు తప్ప మరో ఊరు తెలియని నాకు, పెరటి చెక్క గోడ మీదుగా "ఏమ్మా, తెలుగోళ్లేనా?" అన్న పలకరింపు వినబడగానే ప్రాణం లేచి వచ్చింది.

ఆంటీది కర్నూలు. అక్కడ ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేశారు. అంకుల్ ఇంజినీరు, ఆయనతో ఎప్పుడో మెల్‌బోర్న్ వచ్చారు. ఆమె డిగ్రీతో ఇక్కడ పాఠం చెప్పనివ్వలేదు, మళ్లీ మొదటినుంచి చదవమన్నారు. పిల్లలు చిన్నవాళ్లు. ఆమె యూనిలో, అంటే యూనివర్సిటీలో, ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరారు. నేను చూసేసరికి అంకుల్ లేరు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఆమె ఇంకా ఆ ల్యాబ్‌లోనే ఉన్నారు. ఒక్కసారి మాత్రం ఆ సంగతి మాట్లాడారు. "తలుపు అవతల క్లాసు జరుగుతాంటాది. ఇవతల నేను స్లైడ్లు సర్దుతాంటా. లోపల వాళ్లు తప్పు చెప్తే నా నాలిక దురద పెడతాది" అని నవ్వారు. నవ్వు త్వరగానే ఆగిపోయింది.

ఆమె వంటగదిలో కూడా ల్యాబ్ పద్ధతే. కత్తి పట్టే ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేవారు. కళ్లజోడు గొలుసుకు వేలాడుతూ ఉండేది. బెండకాయ అడ్డంగా కోసి, "చూడు, ఎంత బాగా గదులు కట్టుకుందో" అని చూపించిన తర్వాతే బాండీలో వేసేవారు. టీ మాత్రం సాసర్‌లో పోసుకుని శబ్దం చేస్తూ తాగేవారు. ఆ ఒక్క విషయంలో ఎవరి మాటా వినేవారు కాదు.

ఆ చలికాలంలో మా అమ్మాయి చిక్కిపోవడం మొదలైంది. చలిప్రదేశం కదా, ఇంకా అలవాటు పడలేదనుకున్నాను. ఒక శనివారం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆంటీ గోడ మీదుగా దాన్నే చూస్తున్నారు.

"ఈ పిల్ల ట్యాప్ దగ్గరికి ఎన్నిసార్లు పోతాంది?"

"దాహమంటోంది ఆంటీ. రాత్రుళ్లు కూడా."

"పక్క తడుపుతాందా?"

సిగ్గుపడుతూ అవునన్నాను. ఆమె చేతిలోని గిన్నె అక్కడే గోడ మీద పెట్టేశారు. "చెప్పులేసుకో. కారు తీస్తా. ఆస్పత్రికి పోదాం, ఇప్పుడే."

టైప్ వన్ డయాబెటిస్. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నారు. ఇంటికి వచ్చాక నర్సు నేర్పినట్టు సూది వేయబోతే నా చేయి వణికిపోయింది. పిల్ల నా ముఖం చూసి ఏడ్చింది. ఆంటీ నన్ను వాళ్లింటికి తీసుకెళ్లి, ఒక నారింజపండు, నీళ్లు నింపిన సిరంజీ నా ముందు పెట్టారు. "ఇది ఏడవదు. దీనికి పొడువు. చెయ్యి నిలబడేదాకా ఇంటికి పోవద్దు." నేను ఏడుస్తూనే పొడిచాను. ఆమె ఓదార్చలేదు. టీ పెట్టారు. "భయాన్ని ఖాళీగా కూర్చోబెడితే పెరుగుతాది బేటీ. దాని చేతికి పనియ్యి" అన్నారు.

సూది అలవాటైంది. అలవాటు కానిది వేరే ఉంది. క్లాసులో ఎవరి పుట్టినరోజైనా కేకూ, లాలీలని పిలిచే మిఠాయిలూ పంచుతారు. ఆ రోజుల్లో ఇంజెక్షన్‌కీ తిండికీ టైము, కొలత కచ్చితంగా ఉండేవి. ఎప్పుడు పడితే అప్పుడు తినడానికి లేదు. టీచరు పాపం మంచి ఉద్దేశంతోనే దాన్ని వేరే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి యాపిల్ ముక్కలు ఇచ్చేది. మా అమ్మాయి ఆ యాపిల్ తినకుండా ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేసేది.

అక్టోబర్‌లో బడి నుంచి ఒక కాగితం వచ్చింది. ఆ టీచరు కెనడా నుంచి వచ్చినావిడ. క్లాసులో హాలోవీన్ పార్టీ చేస్తారట, అందరూ దయ్యాల వేషాలతో రావాలి, తినడానికి ఏదైనా తేవాలి. ఇక్కడ అప్పటికి ఆ పండగ చేసేవాళ్లు తక్కువే. అమెరికా వాళ్ల పిచ్చి అని స్కూల్ గేటు దగ్గర తల్లులు విసుక్కున్నారు. మా అమ్మాయి మాత్రం ఆ రోజు బడికి వెళ్లనని పడుకుంది.

"ఎందుకే?"

"ఎవ్రీవన్ విల్ బ్రింగ్ లాలీస్. ఐ'ల్ జస్ట్ సిట్ విత్ మై యాపిల్."

ఆ రోజుకి మానిపించేద్దాం అని నేను ఆంటీతో అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. నా మీద ఆమె కోప్పడ్డది ఆ ఒక్కసారే. "ఈ రోజు మానిపిస్తావు. రేపు పెళ్లిలో మానిపిస్తావా? పిల్లకు ఒకటి వద్దు అనే ముందు, ఇదిగో ఇది తీసుకో అనేది చేతిలో పెట్టుకోవాల." తర్వాత మా అమ్మాయి పక్కన మంచం మీద కూర్చుని అడిగారు. "దయ్యాల పార్టీ అంట కదా. అస్థిపంజరాన్ని తీసుకుపోదామా? తినే అస్థిపంజరం."

అది దుప్పటిలోంచి ముఖం బయటపెట్టింది. "విత్ రియల్ బోన్స్?"

"రియల్ కంటే రియల్."

పార్టీకి ముందురోజు ఆంటీ ల్యాబ్‌కు సెలవు పెట్టి మమ్మల్ని స్ప్రింగ్‌వేల్ మార్కెట్‌కు తీసుకెళ్లారు. ఒక్కో క్యాప్సికం ఎత్తి చూసి, వంపు బాగాలేదని పక్కన పెడుతుంటే వియత్నాం అంగడావిడ విచిత్రంగా చూసింది. "ఇవి పక్కటెముకలమ్మా. వంకర తిరిగుంటే ఊపిరెట్లా పీలుస్తాడు?" అని ఆంటీ నాతో తెలుగులో అన్నారు. కీరదోసలు, సెలరీ, క్యారెట్లు, సన్నటి బీన్స్, పుట్టగొడుగులు, కాలీఫ్లవర్ కొన్నాం.

ముక్కలు అద్దుకుని తినే డిప్‌ల దగ్గరికి వచ్చేసరికి నేను పల్లీ పచ్చడి చేస్తానన్నాను. "స్కూల్లో పల్లీ వద్దు, ఏ పిల్లకు పడదో మనకేం తెలుసు" అని కొట్టిపారేశారు. పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి ట్యాప్‌కు వేలాడదీసి, నీళ్లన్నీ ఓడ్చి, వెల్లుల్లి, పుదీనా, నిమ్మరసం కలిపారు. ఉడికించిన శనగల్లో నువ్వుల ముద్ద వేసి మెత్తగా రుబ్బారు. బీట్‌రూట్ ఉడకబెట్టి, వేయించిన జీలకర్ర పొడి, కాస్త పెరుగు వేసి తిప్పితే ఎర్రగా నిగనిగలాడింది. మా అమ్మాయి వేలు ముంచి నాకి, "బ్లడ్!" అని కేక పెట్టింది. చాలా రోజుల తర్వాత అది కేక పెట్టడం విన్నాను.

మర్నాడు పొద్దున వాళ్లింట్లో బిర్యానీ వడ్డించే పెద్ద పళ్లెం టేబుల్ మీదికి వచ్చింది. పైన పెరుగు డిప్ గిన్నె, అది తల. నల్ల ఆలివ్‌లు కళ్లు. కీరదోస చక్రాలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పేర్చుకుంటూ వస్తే అది వెన్నెముక. ఎర్ర క్యాప్సికం చీలికలు పక్కటెముకలు. నేను చేతికి పైనా కిందా ఒక్కో సెలరీ కాడ పెట్టాను. ఆంటీ కళ్లజోడు ఎక్కించుకుని చూశారు.

"మోచేతి కింద ఎన్ని ఎముకలు?"

"ఒకటే కదా ఆంటీ?"

మా అమ్మాయి తన ముంజేయి తడుముకుని, "టూ! రేడియస్ అండ్ అల్నా!" అంది. వారం నుంచి ఆమె దానికి రహస్యంగా పాఠాలు చెబుతున్నారని నాకప్పుడు తెలిసింది. బీట్‌రూట్ డిప్ చిన్న గిన్నెలో పోసి పక్కటెముకల మధ్య పెట్టబోతే, నా చేయి పట్టి ఆపారు. "గుండె ఎడమకు కొంచెమే. సినిమాల్లో మాదిరి పూర్తిగా పక్కకు కాదు." పొట్ట దగ్గర శనగల డిప్ కూర్చుంది. వేళ్లకు బీన్స్, మోకాళ్లకు పుట్టగొడుగులు, కటి ఎముకకు కాలీఫ్లవర్. అంతా అయ్యాక కొన్ని ఎముకలు తీసేసి డబ్బాలో పెట్టి, ఆ డబ్బా మా అమ్మాయికి ఇచ్చారు. ఎందుకో నాకు చెప్పలేదు. పళ్లెం మీద తడిగుడ్డ కప్పి, మధ్యాహ్నం పార్టీ వేళకు ఇద్దరం చెరోవైపు పట్టుకుని బడికి నడిచాం.

దయ్యాల పండగ కానీ బయట వసంతం. క్లాసు నిండా ఎండ. మంత్రగత్తె టోపీలు, కళ్ల దగ్గర చిల్లులున్న దుప్పట్లు అటూ ఇటూ పరుగెడుతున్నాయి. టేబుల్ మీద చాక్లెట్లు, రంగురంగుల లాలీ పాములు. మా పళ్లెం చూసి ఒకమ్మాయి "యక్, వెజీస్" అని వెళ్లిపోయింది. మిగతావాళ్లూ ఆ పిల్ల వెనకే వెళ్లారు. మా అమ్మాయి డబ్బాను పొట్టకు అదుముకుని నేలచూపులు చూస్తోంది. నాకు దాన్ని ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోవాలనిపించింది.

ఆంటీ దుపట్టా సర్దుకుని చప్పట్లు ఒక్కసారి చరిచారు. "గుడ్ ఆఫ్టర్‌నూన్, క్లాస్."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పెద్దది కాదు, కానీ గది చివర్దాకా వెళ్లింది. పిల్లలు ఉన్నచోటే ఆగిపోయారు. ఆమె ఇంగ్లీషులో చెప్పారు: ఈ పెద్దమనిషి మీ పార్టీకి తొందరగా వస్తూ దారిలో కొన్ని ఎముకలు పారేసుకున్నాడు. ఏవి పోయాయో మీ ఒంటి మీదే తడిమి కనిపెట్టండి. కనిపెట్టినవాళ్లకు ఆ ఎముక దొరుకుతుంది. ఎముకల డాక్టరు ఈమె, అని మా అమ్మాయి భుజం మీద చేయి వేశారు.

క్షణంలో పిల్లలందరూ పళ్లెం చుట్టూ ఉన్నారు. ఒకరి పక్కటెముకలు ఒకరు లెక్కపెడుతూ గిలిగింతలకు మెలికలు తిరుగుతున్నారు. "హిస్ థంబ్! హీ'జ్ గాట్ నో థంబ్!" అని ఒకడు అరిచాడు. మా అమ్మాయి డబ్బా తెరిచి బీన్ ముక్క తీసి గంభీరంగా వాడి చేతిలో పెట్టింది. "పుట్ ఇట్ ఇన్ ద రైట్ ప్లేస్ ఫస్ట్. దెన్ యు కెన్ ఈట్." ఆఖరిది ఎవరికీ దొరకలేదు. ఇందాక యక్ అన్న అమ్మాయే మెడ కింద తడుముకుంటూ తడుముకుంటూ ఆగి, "దిస్ వన్?" అంది. "క్లావికిల్!" అని మా అమ్మాయి ఎగిరింది. ఇద్దరూ కలిసి రెండు క్యారెట్ పుల్లలు కాలర్ ఎముకలుగా భుజాల మీద పెట్టారు. తర్వాత ఆంటీ "నౌ ఈట్ హిమ్" అనగానే ఆ పెద్దమనిషి మాయమయ్యాడు. గుండె గిన్నెను బ్రెడ్డుతో తుడుచుకుని తిన్నారు. మా అమ్మాయి అందరి మధ్యలో నిలబడి, తన టైముకి, తన కొలతలో, వెన్నెముకను నములుతోంది. వేరే టేబుల్ సంగతి టీచరుకి కూడా గుర్తు రాలేదు.

ఇంటికి వస్తూ దారిలో ఆంటీ ముందు నడిచారు. ఖాళీ పళ్లెం చంకలో ఉంది. మలుపు దగ్గర ఆగి, "కర్నూలు వదిలినాక ఈ రోజే మళ్లీ క్లాసు చెప్పినా" అన్నారు. కళ్లలో నీళ్లున్నాయి, తల మాత్రం ఎత్తే ఉంది. "గర్వం చెడ్డదంటారు. పనిచేసినోళ్లకు కొంచెం ఉండాల బేటీ. లేకుంటే మనం చేసింది ఇంకెవరో చేసినట్టుంటాది."

వారం తిరక్కుండానే ఆ టీచరు వాళ్లింటి తలుపు కొట్టింది. ఇంకో క్లాసు పిల్లలు కూడా అడుగుతున్నారట, వస్తారా అని. ఆంటీ వెళ్లారు. ఆ తర్వాత ప్రతి టర్మ్‌లోనూ వెళ్లారు. ఆకులు, గుడ్లు, వానపాములు, చేప మొప్పలు. కొన్నాళ్లకు ల్యాబ్ ఉద్యోగం సగానికి తగ్గించుకుని ఆ బడిలో సైన్స్ సహాయకురాలిగా చేరారు. వై టూ కే ఏ గొడవా లేకుండా గడిచిపోయి మావారి కాంట్రాక్టు ముగిశాక, కొన్ని నెలలు ఆయనకు పని దొరకలేదు. తిరిగి వెళ్లిపోదామా అనుకున్నాం. ఆంటీ గోడ మీదుగా రోజూ ఏదో ఒక గిన్నె అందిస్తూనే ఉన్నారు. తర్వాత కాన్‌బెర్రాలో పని దొరికి వెళ్లాం. మా అమ్మాయి ఇప్పుడు చిన్నపిల్లల వార్డులో నర్సు. కొత్తగా సూది నేర్చుకునే తల్లుల ముందు ఒక నారింజపండు పెడుతుంది.

క్రాన్‌బర్న్‌లో, ఆంటీ చివరి ఏళ్లు గడిపిన కొడుకింటి ముందు కార్లకు చోటు లేదు. బంధువులు, యూని వాళ్లు, ఆమె దగ్గర చదువుకుని, పనిదుస్తుల్లోనే వచ్చిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకపోయినా అందరూ ఒకరికొకరు జరిగి చోటిచ్చుకున్నారు.

ఆమె పేరు తలిస్తే నా కళ్లకు ఇప్పుడు కట్టేది ఒకటే. ఒక పొద్దున క్లేటన్ రోడ్డు మీద బస్సులో వెళ్తుంటే బస్సు హఠాత్తుగా ఆగింది. కిటికీలోంచి చూశాను. రోడ్డు మధ్యలో ఆంటీ, పచ్చ సల్వార్, కాళ్లకు రబ్బరు గమ్‌బూట్లు. ఒక అరచేయి లారీల వైపు చాచి నిలబడ్డారు. ఆమె వెనక జతలు జతలుగా చేతులు పట్టుకున్న పిల్లల వరుస, చేతుల్లో చిన్న వలలు, గాజు సీసాలు. వాగు దగ్గరికి కాబోలు వెళ్తున్నారు. గాలికి దుపట్టా జెండాలా ఎగురుతోంది. ఆమె తొందరపడలేదు. ఆఖరి పిల్ల అవతలి గట్టు ఎక్కేదాకా ఆ చేయి దించలేదు.