నా మీద గోల్ కొట్టకూడదట

ఫుట్‌బాల్ జట్టులో పదిమందికి పరుగెత్తడానికి జీతం ఇస్తారు. గోల్‌కీపర్‌కి నిలబడటానికి ఇస్తారు. రెండో గోల్‌కీపర్‌కి కూర్చోవడానికి ఇస్తారు. నేను చాలా ఊళ్ళలో కూర్చున్నాను. గోవాలో బెంచీ మీద ఉప్పుగాలికి మొహం జిడ్డుగా అయ్యేది. కోల్‌కతాలో వానకు బెంచీ ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. షిల్లాంగులో కాళ్ళ మీద కప్పుకోవడానికి రగ్గు ఇచ్చేవారు, అది నా క్రీడా జీవితంలో బాగా సుఖపడిన కాలం. కోజికోడులో ఎండకు కాలిన ఇనప బెంచీ మీద మొదటి పది నిమిషాలు అందరికంటే చురుగ్గా ఉండేది నేనే.

బెంచీ మీద కూర్చున్నవాడి బాధ చెప్పుకోవడానికి కూడా బాగుండదు. మొదటి గోల్‌కీపర్‌కి దెబ్బ తగలాలని కోరుకుంటే పాపం. తగలకపోతే నాకు పని లేదు. పైగా అతను నా గదిలోనే ఉంటాడు, మంచివాడు, ఇంటినుంచి వచ్చిన పచ్చడి పెడతాడు. ఆ పచ్చడి తింటూ అతని మోకాలి వైపు చూడకుండా ఉండటానికి నేను పడిన అవస్థ నాకే తెలుసు.

అసలు ఇదంతా మదనపల్లె టమాటా మార్కెట్ యార్డులో మొదలైంది. మా నాయన అప్పట్లో అక్కడ హమాలీ. సరుకు దించి తిరిగొచ్చిన లారీల మీద నుంచి ఖాళీ ప్లాస్టిక్ ట్రేలను ఒకటి తర్వాత ఒకటి కిందికి విసిరేవారు. కింద ఒకడు నిలబడి పట్టుకుని దొంతరగా పేర్చాలి. పైవాడు చూసి విసరడు. కిందవాడు జారవిడిస్తే ట్రే పగులుతుంది, ట్రే పగిలితే తిట్లు. సెలవుల్లో ఆ కిందవాడిని నేను. నా దగ్గరికి వచ్చిందాన్ని నేలమీద పడనీయకూడదన్న సంగతి నాకు ఆటల పుస్తకం నేర్పలేదు, మా నాయన నోరు నేర్పింది.

తర్వాత కుప్పంలో హాస్టల్లో ఉండి చదివాను. అక్కడి పీఈటీ సార్ సరిహద్దు అవతల బంగారు గనుల ఊళ్ళో పుట్టి పెరిగినాయన. ఆ ఊళ్ళో పిల్లలకు అక్షరాల కంటే ముందు బంతి వస్తుందంటాడు. ఒకరోజు హాస్టల్ వంటగదికి కూరగాయలు దించుతుంటే, ఆటో మీద నుంచి వస్తున్న క్యాబేజీలను నేను పట్టుకోవడం చూశాడు.

"ఏంరా కన్నా, క్యాబేజీ పట్టేవానికి బాల్ పట్టేది ఎంతసేపు?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని దేశమంతా తిరిగాను. ఇందులో క్యాబేజీ తప్పు ఏమీ లేదు.

ఈ ఏడు ప్రాక్టీసులో నా ఎడమ చేతి ఉంగరం వేలు కీలు తప్పింది. డాక్టరు సరిచేసి, పక్క వేలితో కలిపి టేపు చుట్టి, కొన్నాళ్ళు గట్టి బంతి తగలనీయొద్దన్నాడు. ఇంకోసారి తప్పితే గోల్‌కీపింగ్ మర్చిపోవచ్చన్నాడు. క్లబ్బువాళ్ళు నా చేతిని ఓదార్చి, నన్ను వదిలేశారు. నేను ఇంటికొచ్చాను. ఒకే ఒక్క ఆశ మిగిలింది. బెంగళూరులో ఒక క్లబ్బువాళ్ళు సోమవారం ట్రయల్‌కి రమ్మన్నారు. అప్పటిదాకా వేలు భద్రంగా ఉంటే చాలు. నా వయసు గోల్‌కీపర్‌ను క్లబ్బు లేకుండా ఒక సీజన్ ఇంట్లో ఉంచితే, ఆ తర్వాత ఎవరూ పిలవరు.

వేలును కోడిగుడ్డులా చూసుకుంటున్నాను. అన్నం కుడిచేత్తో తింటాం కాబట్టి బతికిపోయాను.

నేను దిగిన రెండో రోజు పొద్దున టీకి వెళ్తే, బస్టాండు దగ్గర నాకంటే పెద్ద సైజులో నేనే కనిపించాను. ఫ్లెక్సీ. నేను ఏదో క్లబ్బు జెర్సీలో నవ్వుతున్నాను, నా వెనక జాతీయ జెండా ఎగురుతోంది. పైన 'ఇండియా గోల్‌కీపర్ గారికి స్వాగతం, సుస్వాగతం' అని ఉంది. కింద వరసగా పదిహేను ఫొటోలు, అందులో నాకు తెలిసిన మొహం మా నాయనది ఒక్కటే. ఆదివారం పుంగనూరులో ఫుట్‌బాల్ పోటీ, మదనపల్లెకీ కుప్పానికీ. మదనపల్లె తరఫున ఇండియా గోల్‌కీపర్ ఆడతారని రాసుంది. నేను ఇండియా తరఫున ఎప్పుడూ ఆడలేదు. ఇండియాలో ఆడాను. అది కూడా తక్కువే.

ఇంటికెళ్ళి అడిగాను.

"పుంగనూరు షామియానా ఆయన అడిగినాడు, ఈ పోటీ పెట్టేది ఆయనే. సరే అని మాటిచ్చినా," అన్నాడు మా నాయన. ఇప్పుడాయన యార్డులో గుమాస్తా, నెల జీతం, చొక్కా జేబులో రెండు పెన్నులు. మాట ఇవ్వడం ఆయనకు ఈమధ్యే వచ్చిన హోదా.

"నాయనా, నేను ఇండియాకు ఆడలేదు. క్లబ్బులోనే ఆడించరు నన్ను."

"అణకువ సూడు వీనికి," అన్నాడు మా అమ్మ వైపు తిరిగి. "నాకూ ఇట్లే ఉండేది సిన్నప్పుడు."

"క్లబ్బువాళ్ళు పంపించేసినారు నన్ను."

"సెలవిచ్చినారు అను."

"వేలికి దెబ్బ తగిలితే సోమవారం పోయేదానికి ఉండదు నాయనా. ఇంక ఎప్పటికీ ఉండదు."

ఈ మాటకు మాత్రం ఆగాడు. నా చేతిని తీసుకుని, టమాటా కాయ నాణ్యం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే నిలబడు సాలు. పట్టుకోవాకు. ఆయన ఊరంతా ఫ్లెక్సీలు ఏసినాడప్పా. ఇప్పుడు రానంటే నేను యార్డులో తల ఎత్తుకునేది ఎట్ల?"

గోల్‌కీపర్‌ను బంతి పట్టుకోవద్దని బతిమాలిన తండ్రి దేశంలో ఇంకొకరు ఉంటారనుకోను. పోతే వేలు, పోకపోతే నాయన. ఒప్పుకున్నాను. ఆ మూడు రోజులూ ఇంట్లోంచి కదల్లేదు. బయటికి వస్తే సెల్ఫీ, సెల్ఫీ అయ్యాక ఒక షేక్‌హ్యాండ్, ప్రతివాడూ ఇండియా గోల్‌కీపర్ చెయ్యి ఎంత గట్టిదో పరీక్షించేవాడే. నిజం చెబుతుంటే జనం చేతులు జోడిస్తున్నారు. అబద్ధం చెప్పి ఉంటే కనీసం ఒకడైనా అనుమానించేవాడు.

ఆదివారం సాయంత్రం పుంగనూరులో గ్రౌండు నిండా జనం. షామియానా ఆయన గోల్‌పోస్టులను పెళ్ళి పందిరిలా కట్టించాడు. రెండు వైపులా అరటి పిలకలు, పైన మామిడాకులు. నన్ను గేటు దగ్గర ఆపి, జేసీబీతో ఒక గజమాల ఎత్తి మెడలో వేశారు. టమాటాల మాల. ఆ వారం టమాటా ధర పడిపోయింది. ధర బాగుండి ఉంటే నా మెడలో ఒక్క కాయ కూడా పడేది కాదు. మాల బరువుకు ముందుకు వంగితే, జనం నేను నమస్కారం పెడుతున్నాననుకుని చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత దిష్టి తీశారు. కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయను నా చుట్టూ తిప్పి, సరిగ్గా నేను నిలబడాల్సిన చోట, గోల్ ముందర, పగలగొట్టారు. గింజలూ గుజ్జూ గీత పొడవునా పరుచుకున్నాయి. కాలితో పక్కకు నెట్టబోయాను.

"తీయగూడదన్నా! దిష్టికాయ తొక్కగూడదు, తీయగూడదు," అన్నాడు షామియానా ఆయన.

"మరి నేను యాడ నిలబడాల?"

"అందులోనే. సూసుకోని."

అట్లా నాకు ఎనిమిది గజాల జైలు సిద్ధమైంది. వెనక వల, ముందు గుమ్మడికాయ, పక్కన అరటి చెట్లు. ఆట మొదలైంది. కుప్పం పిల్లలు మంచి ఆటగాళ్ళు, వాళ్ళ వెనక గీత అవతల నిలబడింది మా పాత పీఈటీ సారే. మా వైపు రక్షణ ఆటగాళ్ళు ఇద్దరూ యార్డులో హమాలీలు. బంతి ఎప్పుడైనా నా మీదికి రావచ్చు. నేను ఎడమచెయ్యి వీపు వెనక దాచుకుని, కుడిచెయ్యీ రెండు కాళ్ళూ ఎట్లా వాడాలో లెక్కలు వేస్తున్నాను.

బంతి రాలేదు.

పావుగంట గడిచింది, రాలేదు. కుప్పం స్ట్రైకర్ మా ఇద్దరు హమాలీలనూ దాటుకుని నా ముందుకు వచ్చేవాడు, నన్ను చూసేవాడు, బంతిని పక్కకు తన్నేవాడు. వాడి గురి అంత ఘోరంగా ఉండటం సాధ్యం కాదు. మైకులో షామియానా ఆయన ఆట వదిలేసి నా గురించే చెబుతున్నాడు. "ఇండియా గోల్‌కీపర్ గారు ఇప్పుడు నీళ్ళు తాగుతాండారు. ఇప్పుడు మూత పెడతాండారు."

రెండో సగంలో ఆ స్ట్రైకర్ మళ్ళీ దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను. "ఏమప్పా, గోల్ ఇంత పెద్దది ఉండాది, కనపడలేదా?"

"కనపడతాండాది అన్నా. మీ మీద గోల్ కొట్టగూడదని సెప్పినారు మాకు. ముఖ్య అతిథి కదా, అపశకునం అంట."

నేను సంతోషించాలి. నా వేలికి ఇంతకంటే గొప్ప కాపలా ఉండదు. ఇంకో అరగంట ఇట్లాగే నిలబడితే నాయన మాటా దక్కుతుంది, సోమవారమూ దక్కుతుంది. కానీ నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు బెంచీ మీద ఎందుకు కూర్చున్నాను? ఎవడో ఒకడు నా మీదికి బంతి కొడతాడనే కదా. చివరికి గోల్లో నిలబెట్టారు, నా పేరు మైకులో చెప్పారు, చూడటానికి జనం వచ్చారు, ఇక్కడ కూడా నేను కూర్చునే ఉన్నాను. నిలబడి కూర్చున్నాను. వీపు వెనక దాచిన ఎడమచెయ్యి ఎప్పుడు ముందుకు వచ్చిందో నేను గమనించలేదు.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా, మా హమాలీ ఒకాయన పైనుంచి వస్తున్న బంతిని చూసి రెండు చేతులా చక్కగా పట్టుకుని, పక్కన పేర్చడానికి చోటు వెతికాడు. అలవాటు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు.

స్ట్రైకర్ వచ్చి, బంతి పెట్టి, తాంబూలం ఇచ్చినట్టు మెల్లగా నా కాళ్ళ దగ్గరికి దొర్లించాడు. జనం ఈలలు వేశారు. మైకులో నేను అద్భుతంగా ఆపానని చెప్పారు. నేను బంతి తీసుకెళ్ళి మళ్ళీ ఆ సున్నం చుక్క మీద పెట్టాను.

"మళ్ళా కొట్టు."

"వద్దన్నా."

"నిజంగా కొట్టు. నీకు దండం పెడతా."

వాడు గీత అవతలికి చూశాడు. పీఈటీ సార్ నా టేపు చుట్టిన వేళ్ళను చూశాడు. ఆయనకు ట్రయల్ సంగతి తెలుసు, పొద్దునే ఫోన్లో చెప్పాను. అయినా, "గోల్‌కీపరే అడుగుతాండాడు కదరా. కొట్టు," అన్నాడు. రిఫరీ కూడా, తనకూ విసుగొచ్చిందేమో, ఈల ఊదాడు.

అప్పుడు కొట్టాడు. నా ఎడమవైపు, పై మూలకు. అటే దూకాను, లెక్క తప్పలేదు. గుమ్మడికాయ మీద జారలేదు కూడా. జారి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. ఎడమచెయ్యి పూర్తిగా చాచాను. బంతి అరచేతి అంచును తాకి, లోపలికి వెళ్ళి, మామిడాకులను రాల్చింది.

గ్రౌండు మొత్తం మూగబోయింది. మైకు కూడా. నేను గుజ్జులో పడుకునే వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి చూసుకున్నాను. ఉంగరం వేలు ముడుచుకుంది. తెరుచుకుంది. నవ్వొచ్చింది. గోల్ తిన్న గోల్‌కీపర్ ఎందుకు నవ్వుతున్నాడో జనానికి అర్థం కాలేదు. ఒకాయన నా పక్కనుంచి పోతూ, "ఇండియా ఇందుకే ఓడిపోతాండాది," అన్నాడు. నేను ఇంటికొచ్చాక నాతో ఎవరైనా మామూలుగా మాట్లాడటం అదే మొదలు.

సెల్ఫీలు ఆగిపోయాయి. కుప్పం జట్టు వ్యానులో నన్ను కూడా తీసుకెళ్తానన్నాడు సార్, పొద్దున అక్కడే బెంగళూరు రైలెక్కవచ్చని. వ్యాను బయల్దేరేలోగా నాయనా నేనూ టీ బంకు దగ్గర నిలబడ్డాం.

"అయితే నువ్వు సెప్పింది నిజమేనా?" అన్నాడు.

"నిజమే."

"ఇండియాకు ఆడలేదా?"

"లేదు నాయనా."

"మరి ఇన్నేండ్లు ఏం జేస్తాండావు ఆడ?"

"కూర్చుంటాండా."

నాయన టీ ఊదుకుంటూ ఆలోచించాడు. "కూర్చుంటే జీతమిస్తారా?"

"ఇస్తారు."

"నెలనెలా?"

"నెలనెలా."

మూటలు మోసిన మనిషి. ఆయన మొహంలో నేను అనుకున్న బాధ కనబడలేదు. "మంచి ఉద్యోగమేనప్పా అయితే," అన్నాడు. "నేనేమో ఎండలో ఆడతాండావని అనుకుంటి." నా ఎడమచెయ్యి పట్టుకుని మళ్ళీ ఒకసారి తిప్పి చూసి, నొప్పి పెట్టకుండా వదిలాడు.

సోమవారం ట్రయల్లో చేతినిండా బంతులు పట్టాను. తీసుకున్నారు. మూడో గోల్‌కీపర్‌గా. ముందున్న ఇద్దరివీ మోకాళ్ళు దివ్యంగా ఉన్నాయి, నేను చూశాను. ఇక్కడ బెంచీకి పైన రేకు ఉంది, కాబట్టి ఎండ లేదు. క్లబ్బు గేటు దాటాలంటే మాత్రం మేనేజరు అనుమతి కావాలి.

ఫ్లెక్సీని ఆదివారం చీకటి పడకముందే పీకేశారట. మంచి గుడ్డ పారేయడం ఎందుకని నాయన అడిగి తెచ్చుకున్నాడు. మొన్న వానకు ఫోన్ చేశాడు.

"నిన్ను తీసి ఆవు కొట్టం మీద కప్పినా. బాగా ఆపుతాండావు వాన."

"తడవలేదా ఆవు?"

"లేదప్పా. ఎడంపక్క పైమూలలో మాత్రం రోంత కారుతాండాది."