రత్నాలు చదువు, రాక్‌లకు కట్టిన ఉయ్యాల

"పుస్తకం బయటికివ్వరు, పిల్లని లోపలికి రానివ్వరు. గుమ్మంలో నిలబడి సదవమంటారేటి మేడం?"

మా కోడలు రత్నాలు ఈ మాట అడిగేసరికి యూనివర్సిటీ లైబ్రరీ బల్ల వెనక కూర్చున్న ఉమామహేశ్వరి లోపలి గది వైపు చూసింది. అంతకుముందు మాత్రం పసిపిల్లలకు ప్రవేశం లేదంటూ బాగానే గదమాయించింది. లోపలి నుంచి లైబ్రేరియన్ సారు నవ్వుతూ వచ్చి, పాత పేపర్లు దాచే గదిలో ఒక మూల ఖాళీ చేయించి ఇచ్చాడు. చంకలో మనవరాలు సోనితో వరండాలో నిలబడ్డ నేను, ఆ గెలుపు నాదే అన్నట్టు కొంగు బిగించాను. నిజానికి ఆ తగువులో నేను చేసిందల్లా రెండుసార్లు దగ్గడం.

రత్నాలుది ఎమ్మే ఆఖరి ఏడు. డుంబ్రిగుడ అవతల మా ఊరి నుంచి జీపులో వస్తాం. సోని ఇంకా పాలు తాగే పిల్ల. పరీక్షకు కావలసిన లావుపాటి పుస్తకాలు ఇంటికివ్వరు. ఆ గది లేకపోతే కోడలి చదువు అక్కడితో సరి.

ఇక నా తెలివి వినండి. కాఫీ పళ్లు కోసేటప్పుడు రెండు చెట్ల మధ్య చీర కట్టి పిల్లల్ని ఊపడం మా పద్ధతి. నా పిల్లలందరూ అలా పెరిగినవాళ్లే. మర్నాడు ఆ గదిలో ఇనుప రాక్‌లు చెట్లకన్నా గట్టిగా కనిపించాయి. పాత చీర కట్టి, సోనిని పడుకోబెట్టి, మూడో తరగతి చదివినదాన్ని ఆమాత్రం తెలియదా అని మురిసిపోతూ ఊపాను. రాక్‌కు వేళ్లుండవన్న సంగతి అప్పుడు తెలిసింది. అది ముందుకు ఒరిగి, ఏళ్లనాటి పేపర్లన్నీ నా నెత్తిన కుమ్మరించింది.

ఉమామహేశ్వరి పరుగున వచ్చి ఒక చేత్తో రాక్‌నూ, ఒక చేత్తో సోనినీ పట్టుకుంది.

"ఏంటి మామ్మా ఈ పని? సారుకు చెప్తే రేపట్నించి ఈ గదికి తాళమే."

అలా అంటూనే సోనిని భుజాన వేసుకుని జోకొట్టింది. "మా వాణ్ణి పక్కింట్లో వదిలొస్తాను. సాయంత్రానికి ఏడ్చేడ్చి గొంతు పోయుంటుంది" అని తనలో తనే అనుకున్నట్టు అంది. పేపర్ల కింద నుంచి తల బయటికి తీస్తూ విన్నాను. పిల్లల తల్లి బాధ తెలియని రాతిమనిషని ఆవిడ గురించి జీపులో అందరికీ చెప్పుకొచ్చిన ఘనత నాదే.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆవిడ పిల్లాడి సంగతి రత్నాలుకు చెప్పాను. ఊరి దగ్గర దిగాక నాకొక పని పెట్టింది.

"అత్తా, రేపు నువ్వే ఆ మేడం దగ్గరికెల్లు. నీ గుంటడ్ని కూడా తెచ్చుకోమ్మా, మా సోని గుంటతో పాటు నాను సూత్తానని అడుగు."

"నానా? ఆయమ్మనా? నోరున్నదానివి, నువ్వే అడగొచ్చు కదే."

"నానడిగితే గది కోసం కాకా పట్టినట్టుంటాది. నువ్వు పెద్దదానివి. ఆయమ్మ సారుతో ఏటీ అనకముందే బేగి ఎల్లి అడుగు. కాత్త మెత్తగా అడుగు."

మెత్తని మాటలు వెతుక్కుంటూ, సోనిని చంకనేసుకుని ఇంటి దారి పట్టాను.